21 రోజులు మాత్ర, 7 రోజులు విరామం

రొమ్ము క్యాన్సర్‌కు నోటి ద్వారా వేసుకునే లక్ష్య మందుల్లో ఇవాళ ఎక్కువగా వాడకంలో ఉన్నవి పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్. మూడూ ఒకే కుటుంబానివి. గడ్డ నుంచి తీసిన ముక్కను పరీక్షించినప్పుడు కణాల్లో ఈస్ట్రోజెన్ గ్రాహకాలు కనిపించి, హెర్2 అనే ప్రొటీన్ అధికంగా లేదని తేలితే ఈ మందులు పనికొస్తాయి. ల్యాబ్ కాగితం మీద ఆ సంగతి 'ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగటివ్' అని ఉంటుంది. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీలలో దాదాపు సగం మంది ఈ కోవలోకే వస్తారు. 2022 ఒక్క ఏడాదిలో దేశంలో సుమారు 1 లక్షా 92 వేల మందికి ఈ జబ్బు కొత్తగా బయటపడిందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా.

కడప జిల్లా కమలాపురం లాంటి ఊళ్లో ఈ మాత్రలు తెచ్చిన మార్పు పెద్దది. కీమో అయితే పాతిక కిలోమీటర్ల దూరంలోని కడపకో, అక్కడ కుదరకపోతే తిరుపతికో, కర్నూలుకో, వేలూరుకో పోవాలి. సెలైన్ స్టాండు పక్కన నిలబడి మందు కొలిచేది నర్సు, బీపీ చూసేది నర్సు, కళ్లు తిరిగితే పట్టుకునేదీ నర్సే. మాత్రలైతే నెలకు సరిపడా సంచిలో వేసుకుని రైలెక్కి వచ్చేయవచ్చు. కమలాపురం స్టేషన్లో దిగినప్పటి నుంచి నర్సు పనంతా ఆ ఇంటివాళ్ల మీద పడుతుంది. రోజులు లెక్కపెట్టడం, జ్వరం చూడడం, రక్తపరీక్ష కాగితం చదవడం, ఏది మామూలో ఏది కాదో గుర్తుపట్టడం. మాత్ర మింగడం ఇందులో అన్నిటికంటే చిన్న పని.

మాత్ర రూపంలో క్యాన్సర్ మందు కొత్త సంగతి కాదు. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల వ్యతిరేక మందుల వరుసలోనిదే మెథోట్రెక్సేట్. అది నేటికీ మాత్రగా దొరుకుతుంది. రొమ్ము క్యాన్సర్‌కే వస్తే, 1977లో అమెరికాలో అనుమతి పొందిన టామాక్సిఫెన్‌ను తొలి లక్ష్య మందు అనవచ్చు. అది ఈస్ట్రోజెన్ కూర్చునే చోటును ముందే ఆక్రమిస్తుంది. ఏళ్ల తరబడి రోజుకో మాత్ర వేసుకున్న స్త్రీలు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. అందుకే కొత్త మాత్రలను కూడా టామాక్సిఫెన్ లాంటివేనని అనుకోవడం సహజం. చిక్కులు చాలావరకు అక్కడే మొదలవుతాయి. ఈ కొత్త మందులు రక్తకణాల మీద, పేగుల మీద, ఒక్కోసారి గుండె లయ మీద కూడా చెయ్యి వేస్తాయి.

అవి చేసే పని తెలిస్తే జాగ్రత్తలు బట్టీ పట్టక్కర్లేదు. కణం రెండుగా చీలే ముందు కొన్ని మజిలీలు దాటాలి. మొదటి మజిలీ దగ్గర ఆర్‌బీ అనే ప్రొటీన్ కాపలా ఉంటుంది. స్టేషన్లో ప్లాట్‌ఫారం ఖాళీ లేనప్పుడు రైలును అవుటర్ సిగ్నల్ దగ్గర నిలబెట్టినట్టు, అది కణాన్ని అక్కడే ఆపి ఉంచుతుంది. సీడీకే4, సీడీకే6 అనే రెండు ఎంజైములు సైక్లిన్ డి అనే ప్రొటీన్‌తో జతకట్టి వచ్చినప్పుడే ఆ సిగ్నల్ పచ్చగా మారుతుంది. ఈస్ట్రోజెన్ మీద బతికే రొమ్ము క్యాన్సర్ కణంలో సైక్లిన్ డి అదేపనిగా ఊరుతుంటుంది, సిగ్నల్ ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. సైక్లిన్లనే ప్రొటీన్లను టిమ్ హంట్ 1982లో సముద్రపు అర్చిన్ల గుడ్లలో కనిపెట్టాడు. కణ విభజన నియంత్రణ మీద చేసిన పనికి ఆయనకు, లీలండ్ హార్ట్‌వెల్‌కు, పాల్ నర్స్‌కు 2001లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రెండు ఎంజైములను అడ్డుకునే పాల్బోసిక్లిబ్‌కు 2015 ఫిబ్రవరిలో అమెరికాలో అనుమతి దొరికింది. రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్ 2017లో వచ్చాయి.

వీటిని ఒంటరిగా వాడడం అరుదు. ఈస్ట్రోజెన్ తయారీని తగ్గించే లెట్రోజోల్ లాంటి మాత్రనో, ఫుల్వెస్ట్రాంట్ సూదినో తోడుగా ఇస్తారు. తోడు మందు సిగ్నల్‌కు అందే తాఖీదును ఆపుతుంది, ఈ మాత్ర సిగ్నల్ తీగనే పట్టుకుంటుంది. 666 మంది స్త్రీల మీద జరిగిన పాలోమా-2 పరీక్షలో లెట్రోజోల్ ఒక్కటే వేసుకున్నవారిలో జబ్బు ముదరకుండా గడిచిన కాలం మధ్యస్థంగా 14.5 నెలలైతే, పాల్బోసిక్లిబ్ జోడించినప్పుడు 24.8 నెలలైంది. రైబోసిక్లిబ్ మీద జరిగిన మొనలీసా-2 పరీక్షలో మొత్తం జీవితకాలం కూడా మధ్యస్థంగా 51.4 నెలల నుంచి 63.9 నెలలకు పెరిగింది. పాల్బోసిక్లిబ్‌కు అంతటి జీవితకాలపు తేడా పాలోమా-2లో రుజువు కాలేదు. ఒకే కుటుంబంలోని మందులు ఎందుకిలా వేరువేరుగా నడిచాయన్నది పరిశోధకులు ఇంకా వాదించుకుంటున్న విషయం. రోగికి కావలసింది మాత్రం ఒకటుంది. ఈ మూడింటిలో ఏది రాశారో ఆ పేరు నోటికి రావాలి. మూడింటి నియమాలూ మూడు రకాలు కనుక, 'క్యాన్సర్ మాత్ర వేసుకుంటున్నా' అంటే అవతలి డాక్టరుకు సగం సంగతే తెలుస్తుంది.

పాల్బోసిక్లిబ్ మామూలు మోతాదు 125 మిల్లీగ్రాములు. రోజుకొకటి, 21 రోజులు. తర్వాత 7 రోజులు విరామం. రైబోసిక్లిబ్‌కూ అదే 21–7 లెక్క, కాకపోతే 200 మిల్లీగ్రాముల మాత్రలు ముదిరిన జబ్బుకు రోజుకు మూడు, తొలిదశ జబ్బుకు రెండు, అన్నీ ఒకేసారి వేసుకోవాలి. పొద్దున పూట వేసుకోవడం మేలంటారు. అబెమాసిక్లిబ్‌కు విరామం లేదు. అది ఒంట్లో తొందరగా తగ్గిపోతుంది కాబట్టి 150 మిల్లీగ్రాములు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, రోజూ. తొలిదశ జబ్బులో తిరగబెట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి అబెమాసిక్లిబ్ 2 ఏళ్లు, రైబోసిక్లిబ్ 3 ఏళ్లు ఇస్తారు. ముదిరిన జబ్బులో అయితే మందు పనిచేస్తూ, ఒళ్లు తట్టుకుంటున్నంత కాలం నడుస్తుంది.

21, 7 కలిపితే 28, అంటే సరిగ్గా నాలుగు వారాలు, ఇదే ఒక చుట్టు. సోమవారం మొదలుపెట్టిన మనిషికి మూడో ఆదివారంతో మాత్రలు అయిపోతాయి, ఒక వారం ఖాళీ, మళ్లీ సోమవారమే మొదలు. ఏ చుట్టైనా అదే వారం. గోడ క్యాలెండర్‌లో మాత్ర వేసుకున్న రోజు తేదీ మీద గీత కొట్టి, విరామం వారం చుట్టూ సున్నా చుట్టుకునే ఇళ్లలో పొరపాట్లు తక్కువ. విరామం వారంలో లెట్రోజోల్ మాత్రం ఆగదు, అది రోజూ ఉండాల్సిందే. రెండు మాత్రలనూ ఒకే డబ్బాలో వేసుకున్నవారు ఆ వారంలో రెండూ మానేయడమో, రెండూ వేసుకోవడమో చేస్తుంటారు. ఇంకా నెలసరి ఆగని స్త్రీలకు అండాశయాలను నిద్రపుచ్చే గోసెరెలిన్ సూది ఇస్తే అది కూడా 28 రోజులకోసారే. కొత్త చుట్టు మొదలయ్యే రోజునే సూదీ పెట్టించుకునేలా చూసుకుంటే మూడు లెక్కలూ ఒక్కటవుతాయి.

ఒక పూట మరిచిపోతే ఆ పూట పోయినట్టే. మర్నాడు రెండు వేసుకోకూడదు. మింగిన కాసేపటికి వాంతి అయినా మళ్లీ వేసుకోకూడదు, ఎంత మందు లోపలికి పోయిందో ఎవరికీ తెలియదు కనుక. తర్వాతి మాత్ర మామూలు వేళకే. పగిలిన మాత్ర, చిట్లిన గొట్టం (క్యాప్సూల్) మింగకూడదు. గొట్టాన్ని విప్పి పొడిని మజ్జిగలో కలపడం, మాత్రను నూరడం, కొరకడం కూడా పనికిరాదు. పిల్లలకు, పెద్దలకు ఏ మందైనా నూరి పట్టే అలవాటున్న ఇళ్లలో ఈ మాట ముందే చెప్పి ఉంచాలి. నూరినప్పుడు లేచే పొడి నూరేవాళ్లకూ మంచిది కాదు, ఆ మనిషి గర్భిణి అయితే అసలే కాదు.

తిండితో సంబంధం మందును బట్టి మారుతుంది. పాల్బోసిక్లిబ్ గొట్టం రూపంలో ఉంటే అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. పరగడుపున కొందరిలో అది సరిగా ఇంకదు, 'గ్యాస్ మాత్ర' వేసుకునే అలవాటుంటే ఇంకా తగ్గుతుంది. అదే మందు ఫిల్మ్ పూత బిళ్లగా వస్తే తిండితో పనిలేదు. రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్‌లకూ ఈ పట్టింపు లేదు. సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, మజ్జిగ, ఏదైనా సరే కడుపుకు సరిపోతే చాలు. శనివారం ఒక్కపొద్దులు, రంజాన్ ఉపవాసాలు ఉన్నవారు గొట్టం మాత్రను రోజూ భోజనం చేసే వేళకు, ఉదాహరణకు ఇఫ్తార్ తర్వాతకు, స్థిరంగా మార్చుకోవచ్చా అని డాక్టరును ముందే అడగాలి. అబెమాసిక్లిబ్ వేసుకుంటూ ఎండాకాలంలో నీళ్లు ముట్టని ఉపవాసం మాత్రం ప్రమాదమే. కారణం కాసేపట్లో వస్తుంది.

పండ్ల సంగతి కొంచెం విడమర్చాలి. ఈ మూడు మందులనూ కాలేయంలో, పేగు గోడలో ఉండే సిప్3ఏ4 అనే ఎంజైము విరిచేస్తుంది. గ్రేప్‌ఫ్రూట్ రసం పేగులోని ఆ ఎంజైమును పడుకోబెడుతుంది, దాంతో మందు రక్తంలో పేరుకుంటుంది. కడప మార్కెట్లో గ్రేప్‌ఫ్రూట్ కనిపించదు కానీ దాని దగ్గరి చుట్టం పంపర పనస దొరుకుతుంది, అందులోనూ అవే రసాయనాలున్నాయి. పుల్ల నారింజదీ అదే దారి. పులివెందుల, అనంతపురం వైపు తోటల్లో కాసే చీనీ పండు తీపి నారింజ జాతిది, ఈ జాబితాలోకి రాదు. 'నిమ్మజాతి పండ్లు వద్దన్నారు' అని చీనీ రసం కూడా మానేసి, నోరు చేదెక్కి ఏమీ తినలేక నీరసించేవారు ఉంటారు, అంత అవసరం లేదు. దానిమ్మను మాత్రం రైబోసిక్లిబ్ కరపత్రాల్లో వద్దని రాసిన సందర్భాలున్నాయి. అనంతపురం దానిమ్మ ఇంటి ముందుకే బండి మీద వచ్చే ప్రాంతంలో ఇది గుర్తుంచుకోదగ్గ మాట.

ఇక అసలు కీలకం రక్తపరీక్ష. మూలుగలో తెల్లకణాలు పుట్టడానికీ సీడీకే6 కావాలి. మందు ఆ సిగ్నల్‌ను కూడా ఆపుతుంది, అందుకే క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ తగ్గుతాయి. పాలోమా-2లో పాల్బోసిక్లిబ్ వేసుకున్న ప్రతి మూడు మందిలో ఇద్దరికి ఇవి బాగా పడిపోయాయి. అయినా జ్వరంతో కూడిన ప్రమాదకర స్థితి 2 శాతం లోపే. కీమో మందు మూలుగ కణాలను చంపుతుంది. ఇది అవుటర్ దగ్గర నిలబెడుతుంది, అంతే. మందు ఆపితే నిలిచిన బండి కదులుతుంది. ఆ 7 రోజుల విరామం ఇచ్చేది అందుకే.

పాల్బోసిక్లిబ్ వాడేవారికి మొదటి రెండు చుట్లలో 1వ రోజున, 15వ రోజున రక్తం చూడాలి, తర్వాత ప్రతి చుట్టు మొదట్లో. ఈ పరీక్ష కోసం తిరుపతి దాకా పోనక్కర్లేదు, దగ్గరి ల్యాబ్‌లోనే చేయించి కాగితాన్ని ఫోనులో పంపవచ్చు. 'సీబీపీ' అని అడిగితే చాలు. అయితే చాలా ల్యాబుల కాగితంలో కావలసిన అంకె సూటిగా ఉండదు. 'టోటల్ డబ్ల్యూబీసీ కౌంట్ 2,400' అని ఒక వరుసలో, 'న్యూట్రోఫిల్స్ 38 శాతం' అని ఇంకో వరుసలో ఉంటుంది. రెండింటినీ హెచ్చించి 100తో భాగించాలి. 2,400ను 38తో హెచ్చించి 100తో భాగిస్తే 912. ఇదే అసలు లెక్క, డాక్టర్లు ఏఎన్‌సీ అంటారు. కొత్త చుట్టు మొదలుపెట్టాలంటే అది కనీసం 1,000 ఉండాలి. కాబట్టి ఈ కాగితం వచ్చిన మనిషి సోమవారం మాత్ర మొదలుపెట్టకూడదు. వారం ఆగి మళ్లీ చూస్తే మొత్తం 3,100, న్యూట్రోఫిల్స్ 46 శాతం అని వచ్చిందనుకుందాం. లెక్క 1,426. ఇప్పుడు డాక్టరు సరేనంటారు.

ఇక్కడో మెలిక ఉంది. అదే 912 మొదటి రెండు చుట్లలో 15వ రోజున వచ్చి, జ్వరం లేకపోతే, చాలాసార్లు మాత్ర ఆపకుండా 21 రోజులూ పూర్తి చేయించి, 22వ రోజున మళ్లీ రక్తం చూస్తారు. అంకె ఒకటే, ఏ రోజు వచ్చిందన్నదాన్ని బట్టి నిర్ణయం మారుతుంది. అందుకే కాగితం పంపేటప్పుడు 'ఇది మందులో ఫలానా రోజు' అని పక్కన రాసి పంపాలి. 500 కంటే కిందికి పడిపోతే ఏ రోజైనా మాత్ర ఆపి ఫోన్ చేయాల్సిందే. కోలుకున్నాక 125 నుంచి 100కు, అవసరమైతే 75కు తగ్గిస్తారు. ఇలా తగ్గించినప్పుడు 'మందు పవర్ తగ్గించేశారు, ఆశ వదులుకున్నారేమో' అని ఇంట్లో గుసగుసలు మొదలవుతాయి. పరీక్షల్లో పాల్గొన్న స్త్రీలలోనూ ఎందరికో మోతాదు తగ్గించారు. పైన చెప్పిన 24.8 నెలల ఫలితంలో వాళ్లూ ఉన్నారు. రక్తం లెక్క పడిపోకూడదని ఎవరికీ చెప్పకుండా రోజు విడిచి రోజు మాత్ర వేసుకోవడం వేరే కథ. అలా చేస్తే చూపించిన అంకెకూ, వేసుకున్న మందుకూ పొంతన ఉండదు, డాక్టరు తప్పు నిర్ణయం తీసుకుంటారు.

జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే అది పగలైనా రాత్రైనా అదే గంటలో ఫోన్ చేయాల్సిన విషయం. ఇంట్లో ఒక డిజిటల్ థర్మామీటర్ ఉండాలి. చెయ్యి పెట్టి చూసి 'వేడిగా లేదులే' అనడం కమలాపురం మే నెలలో బొత్తిగా పనికిరాదు, ఆ ఎండకు అందరి ఒళ్లూ వేడిగానే ఉంటుంది. మన ఊళ్లలో ఒళ్లు వెచ్చబడగానే చేసే మొదటి పని డోలో మాత్ర వేసుకోవడం. వేసుకునే ముందు ఒకసారి జ్వరం కొలిచి అంకె రాసుకోవాలి, ఎందుకంటే పారాసిటమాల్ జ్వరాన్ని దించేస్తుంది గానీ లోపలి క్రిమిని ఏమీ చేయదు. ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే స్టెరాయిడ్ సూది కూడా జ్వరాన్ని ఇలాగే దాచేస్తుంది.

అబెమాసిక్లిబ్ తెల్లకణాలను అంతగా తగ్గించదు. దాని గొడవ కడుపుతో. ఆ మందు మీద జరిగిన పరీక్షల్లో 80 శాతం పైగా స్త్రీలకు బేదులయ్యాయి. ఎక్కువగా మొదటి నెలలోనే, తొలి వారం పది రోజుల్లోనే మొదలవుతాయి, పోనుపోను తగ్గుతాయి. అందుకే మందుతోపాటు లోపెరమైడ్ మాత్రలు కూడా రాసి ఇస్తారు. వాటిని మొదటి నీళ్ల విరేచనానికే, చెప్పిన లెక్క ప్రకారం వేసుకోవాలి. రెండు మూడు రోజులు చూద్దామని ఆగితే పని చెడుతుంది. రాయలసీమ ఎండాకాలంలో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున బేదులు తోడైతే పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి మంచం పడుతుంది. ఓఆర్‌ఎస్ పొట్లం ఒక లీటరు నీళ్లలో మొత్తం కలపాలి, చిటికెడు చిటికెడుగా గ్లాసులో కలిపితే ఉప్పు లెక్క తప్పుతుంది. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, గంజి మంచివే. ఒకరోజు గడిచినా తగ్గకపోయినా, మూత్రం బాగా తగ్గినా, నిలబడితే కళ్లు తిరిగినా డాక్టరు మాత్రను కొన్ని రోజులు ఆపిస్తారు. ఈ మందు వాడేవారి రక్తంలో క్రియాటినిన్ కొంచెం పెరిగి కనబడుతుంది. కిడ్నీ దెబ్బతినకపోయినా ఆ అంకె పెరుగుతుంది, కారణం మందు క్రియాటినిన్ బయటికి పోయే దారిని కొంత మూయడమే. ఆ సంగతి తెలియని చోట చూపిస్తే కిడ్నీ జబ్బు అని భయపెట్టి పంపే ప్రమాదముంది.

రైబోసిక్లిబ్‌కు గుండె మీద కన్నేసి ఉండాలి. ప్రతిసారీ కొట్టుకోవడం మొదలై గుండె తిరిగి సిద్ధమయ్యేదాకా పట్టే సమయాన్ని ఈసీజీలో క్యూటీ అంటారు. ఈ మందు దాన్ని సాగదీయగలదు. మరీ సాగితే లయ తప్పి స్పృహ పోవచ్చు. మొదలుపెట్టే ముందు ఒక ఈసీజీ, 14వ రోజు ప్రాంతంలో ఇంకొకటి తప్పనిసరి. మొదటి కొన్ని చుట్లలో కాలేయ పరీక్ష, పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం కూడా చూస్తారు. క్యూటీని సాగదీసే ఇతర మందులను దీనితో కలపకూడదు, వాటి జాబితా చూస్తే అన్నీ మన మెడికల్ షాపుల్లో రోజూ అమ్ముడయ్యేవే. గొంతునొప్పికి ఇచ్చే అజిత్రోమైసిన్, మూత్రంలో మంటకు ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్, వాంతులకు ఆన్‌డాన్‌సెట్రాన్, డోమ్‌పెరిడోన్, కీళ్ల నొప్పులకు హైడ్రాక్సీక్లోరోక్విన్. టామాక్సిఫెన్ కూడా ఈ కారణంతోనే రైబోసిక్లిబ్‌కు జోడీ కాదు. వాంతులై పొటాషియం పడిపోయిన మనిషికి వాంతుల మందు వేస్తే ఒకేసారి రెండు దెబ్బలు. షాపువాడికి పేరు చెప్పి అడగడం కంటే, మాత్ర పెట్టెను ఫోటో తీసి ఫోనులో పెట్టుకుని, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు అది చూపించడం సులువైన దారి.

పండ్ల దగ్గర చెప్పిన సిప్3ఏ4 ఎంజైము సంగతి మూడు మందులకూ వర్తిస్తుంది. క్లారిత్రోమైసిన్, తామరకు విరివిగా ఇచ్చే ఇట్రాకోనజోల్ మందును రక్తంలో పెంచేస్తాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ దానికి విరుద్ధంగా మందును ఒంట్లో నిలవనివ్వవు, మాత్ర మింగినా మింగనట్టే అవుతుంది. నాటు మందుల విషయంలో కచ్చితమైన కొలతలు తక్కువ, కానీ జాగ్రత్త పడడానికి కారణాలు చాలినన్ని ఉన్నాయి. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు 2021లో నివేదించారు. కాలేయ ఎంజైములను పెంచగల రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్‌లతో అలాంటిది కలిస్తే ఏది చెరిపిందో చెప్పడం కూడా కష్టం. కూరలో వేసే పసుపుకు ఏ అభ్యంతరమూ లేదు, పసుపు పండే నేల మీద ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాదు కూడా. పసుపు సారాన్ని చిక్కబరిచి గొట్టాల్లో అమ్మేది మాత్రం వేరే సరుకు. దాన్ని మందుగానే లెక్కేసి అడగాలి.

దగ్గు గురించి ఒక మాట. ఈ మూడు మందులూ అరుదుగా ఊపిరితిత్తుల్లో వాపు తెస్తాయి. 2019 సెప్టెంబరులో అమెరికా ఔషధ సంస్థ మూడింటి మీదా ఈ హెచ్చరిక ఇచ్చింది. పొడిదగ్గు, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం దాని గుర్తులు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ల పాలిష్ మిషన్ల మధ్య బతికేవారికి దగ్గు కొత్త కాదు, 'దుమ్ము పడలేదు' అని వదిలేస్తారు. మాత్ర మొదలుపెట్టాక కొత్తగా వచ్చిన దగ్గు వారం దాటితే దుమ్ము మీద నెట్టకుండా చూపించుకోవాలి. ఒక్క కాలే వాచి నొప్పి పుట్టడం, ఉన్నట్టుండి ఛాతీలో పోటు రావడం సిరలో రక్తం గడ్డకట్టిన గుర్తులు కావచ్చు. అబెమాసిక్లిబ్‌తో, అందులోనూ టామాక్సిఫెన్ జోడీగా ఉన్నప్పుడు, ఇది ఎక్కువ. నోటి పుళ్లు, జుట్టు పలచబడడం, అలసట చాలామందికి ఉంటాయి, అవి తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగగలవు.

పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దేశంలో ఈ జబ్బు దాదాపు పదేళ్ల ముందే వస్తుంది కాబట్టి, వేసుకునేవారిలో పిల్లలు కనే వయసువారు ఎక్కువ. ఈ మందులు కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి. మొదలుపెట్టే ముందు గర్భం లేదని నిర్ధారించుకోవాలి, వాడినంత కాలం, ఆపాక కనీసం 3 వారాలు గర్భం రాకుండా చూసుకోవాలి. అందుకు హార్మోన్ మాత్రలు వాడకూడదు. పాలివ్వడమూ కుదరదు. నెలసరి ఆగింది కదా అనే ధీమా చాలదు, గోసెరెలిన్ సూది ఆలస్యమైతే అండాశయం మేలుకోవచ్చు.

మాత్రలను 30 డిగ్రీల లోపు ఉంచమని పెట్టెల మీద ఉంటుంది. వేసవిలో బండలు పరిచిన మిద్దె కింద పగలంతా కాగిన వేడి రాత్రి కూడా దిగుతుంది, అటక మీద, కిటికీలో, పొయ్యి పక్క అలమరలో ఉంచిన మందు ఆ లెక్క దాటిపోతుంది. లోపలి గదిలో, నేలకు దగ్గరగా, ఎండ తగలని అర మేలు. ఫ్రిజ్‌లో పెట్టమని పెట్టె మీద రాసి ఉంటేనే పెట్టాలి, లేకపోతే తేమ పడుతుంది. షీట్ నుంచి ముందే ఒలిచి చిన్న డబ్బాలో పోసుకోవడం కూడా అందుకే వద్దు. తిరుపతి నుంచి వచ్చే దారిలో స్కూటర్ సీటు కింద పెట్టడం అన్నిటికంటే చెడ్డది.

ధర సంగతి మందు వాడే తీరును శాసిస్తుంది కనుక చెప్పక తప్పదు. పాల్బోసిక్లిబ్ మన దేశానికి వచ్చిన కొత్తలో నెలకు పదుల వేలు అయ్యేది. 2023 జనవరిలో ఇక్కడి పేటెంట్ గడువు ముగిశాక స్వదేశీ కంపెనీల రకాలు వచ్చి ధర బాగా దిగింది. ఇందులో హైదరాబాద్ పరిశ్రమకు పాత అనుభవమే ఉంది. కాలేయ, కిడ్నీ క్యాన్సర్ల మందు సొరాఫెనిబ్‌ను నెలకు సుమారు 2 లక్షల 80 వేల నుంచి 8,880 రూపాయలకు దింపిన నిర్బంధ లైసెన్సు 2012లో దక్కింది హైదరాబాద్‌కు చెందిన నాట్కోకే. ఈ రొమ్ము క్యాన్సర్ మాత్రలు ఇప్పటికీ కూలి చేసుకునే ఇంటికి భారమే. 2007 ఏప్రిల్ 1న మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. పేరు ప్రభుత్వంతో పాటు మారుతుంది, జనం నోట్లో మాత్రం అది ఆరోగ్యశ్రీయే. రాసిన మందు పథకంలోకి వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటి డబ్బా కొనకముందే అడగాలి. షాపులో కొంటే బిల్లు తీసుకోవాలి, బ్యాచ్ నంబరు బిల్లులోదీ పెట్టె మీదదీ ఒకటేనా చూసుకోవాలి. కంపెనీ మారినప్పుడు గొట్టం రంగు మారుతుంది, కొన్నిసార్లు గొట్టం పోయి బిళ్ల వస్తుంది. అప్పుడు పైన చెప్పిన తిండి నియమం కూడా మారుతుందని మరిచిపోకూడదు.

మోతాదు తగ్గించినప్పుడు ఇంట్లో పాత 125 గొట్టాలు మిగులుతాయి. వాటిని కొత్త 75 వాటితో ఒకే అరలో ఉంచితే ఏదో ఒక చీకటి పొద్దున చెయ్యి తప్పుతుంది. మిగిలినవి అదే జబ్బున్న ఇంకొకరికి ఇచ్చేయడం మంచి మనసుతో చేసేదే అయినా, ఆమె రక్తం లెక్క ఎంతో, ఆమెకు రాసింది ఏ మందో, ఇంకేం మాత్రలు వేసుకుంటున్నదో ఇచ్చేవారికి తెలియదు. చెత్తకుప్పలోనో, పాపాగ్ని నది ఇసుకలోనో పారేయకుండా, తర్వాతిసారి ఆసుపత్రికి పోయేటప్పుడు సంచిలో వేసుకెళ్లి అక్కడి ఫార్మసీలో అప్పగించాలి.